ఏ మేలుకు ఈ కూడిక?

ఇబ్రహీంపట్నం,
3 ఆగస్టు 2024.

ప్రభువుకు స్తోత్రం.

జైపాలన్నకు నీ చెల్లె యమున రాసేది.

పైన రాసింది చూసి మొహం తిప్పుకోకు. నువ్వు ‘శ్రీ’ అని మొదలుపెడతావు, నేను ఇలా మొదలుపెడతాను. పోస్టుమ్యాన్‌కు రెండూ ఒకటే, ఎవరి ఉత్తరమైనా వారం చేసి గానీ ఇవ్వడు.

కాగితం నలిగిందని అనుకుంటావేమో. నలగలేదు, చీర కుచ్చిళ్లు పెట్టినట్టు నేనే మడతలు పెట్టాను. మడత మీద వేలు ఆనించి రాస్తే వరస తప్పదు. జూన్‌లో కుడి కంటికి ఆపరేషన్ అయి కట్టు కట్టినప్పుడు నేర్చుకున్న విద్య ఇది. ఎడమ కన్ను రెండేళ్ల కిందటే షుగర్ తినేసింది, అప్పుడే నేర్చుకోవాల్సింది. ఆపరేషన్ అప్పుడు నాగులమ్మ వదిన వచ్చి పది రోజులు నా అన్నం, నా బట్టలు చూసింది. అమ్మ ఉంటే అంతకంటే ఏం చేసేది?

ఫోన్ చేద్దామంటే, ఇరవై ఏళ్లు క్రషర్‌లో రాళ్ల మధ్య పనిచేసి నీ చెవులు అక్కడే వదిలిపెట్టి కామారెడ్డికి పోయావు. నీ కొడుక్కు చెప్పి నీకు చెప్పమంటే, మల్లేశ్ పది మాటల్లో రెండు చెప్తాడు. అందుకే ఈ కాగితం.

అసలు సంగతికి వస్తాను. ఇందులో కార్డు పెట్టాను చూడు. ఈ నెల పదకొండు, ఆదివారం, మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాటలు, ప్రార్థన, మధ్యాహ్నం భోజనం. మటన్ ఉంటుంది కాబట్టి నీకు అభ్యంతరం ఉండదు. మా ఆయన మహేశ్వర్ చనిపోయిన ఏడాది నేను మందిరానికి పోవడం మొదలుపెట్టాను. ఈ పద్నాలుగేళ్లలో నువ్వు ఒక్క కూడికకూ రాలేదు. ఈసారి రావాలి. ప్రార్థన అప్పుడు బయట అరుగు మీద కూర్చుంటానంటే కూర్చో, ఎవరూ ఏమీ అనరు.

కంటి సంగతి నువ్వు వచ్చాక చెప్తాను. సింధుకు శేరిగూడ కాలేజీలో మూడో ఏడు మొదలైంది. బిడ్డ చదువు నడుస్తున్నది, నా కుట్టు షాపూ నడుస్తున్నది. అంకిత అనే పిల్లను పనిలో పెట్టుకున్నాను.

మటన్ చల్లారకముందే వస్తావని ఎదురుచూసే,
యమున

*

కామారెడ్డి,
16 ఆగస్టు 2024.

శ్రీ.

చెల్లె యమునను దీవించి అన్న జైపాల్ రాసేది.

కార్డు అందింది. చదివి గడప మీదే కూర్చుండిపోయాను. నాగులమ్మ భయపడి భుజం కుదిపితే కార్డు ఆమె చేతిలో పెట్టాను. ఇబ్రహీంపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి, మీవాళ్లు ఈ కూడిక ఎప్పుడు పెడతారో నాకు తెలియదా? బిడ్డ పుడితే పెడతారు, ఇల్లు కడితే పెడతారు, దవాఖానలో చావు తప్పి ఇంటికి వస్తే పెడతారు. నీకు ఈ వయసులో బిడ్డ పుట్టలేదు, ఇల్లు కట్టలేదు. ఇక మిగిలింది కన్ను. దేవుడు చేసిన మేలుకు అని కార్డు మీద అచ్చు కూడా వేయించావు.

మరి రాకపోవడానికి కారణం చెప్తాను. నీ ఆపరేషన్ రోజు మైసమ్మ తల్లికి మొక్కాను. చెల్లెకు చూపు వస్తే మేకపోతును ఇస్తాను, నా తలవెంట్రుకలు ఇస్తాను అని. నీ కార్డు తొమ్మిదో తారీఖున చేరింది. నీ కూడిక ఆదివారం, మొక్కు తీర్చే రోజు కూడా ఆదివారమే. మటన్ ఎప్పుడైనా తినొచ్చు, తల్లికి ఇచ్చిన మాట ఆలస్యం చేయకూడదు. నువ్వు అక్కడ పాటలు పాడే వేళకు నేను ఇక్కడ గుండు చేయించుకుని కూర్చున్నాను. గల్లీ అంతా తిన్నది. "మా మేనత్తకు కండ్లొచ్చినయ్" అని మల్లేశ్ ప్రతి విస్తరి దగ్గరా చెప్పి వడ్డించాడు.

నీ దేవుడు ఇచ్చాడో మా తల్లి ఇచ్చిందో వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. మనకేం ఫికర్?

బర్రె ఈనింది, ఆడదూడ. మీ వదినకు మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. బతుకమ్మ పండుగకని రెండు జాకెట్ గుడ్డలు, ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది, పార్సిల్ పంపుతున్నది. ఇక్కడి టైలర్లు ఆమెకు నచ్చరు. ఇప్పుడు నీకు కళ్లొచ్చాయి కాబట్టి మొదట తనవే కుట్టాలట.

గుండుతో ఉన్న నీ అన్న,
జైపాల్

*

ఇబ్రహీంపట్నం,
27 ఆగస్టు 2024.

ప్రభువుకు స్తోత్రం.

అన్నకు యమున రాసేది.

నీ ఉత్తరం సింధు చదివి వినిపించింది. గుండు దగ్గర నేను నవ్వాను. మల్లేశ్ వడ్డిస్తూ అన్న మాట దగ్గర సింధు ఆగిపోయింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

అన్నా, కన్ను రాలేదు.

జులై ఇరవైన డాక్టరమ్మ తేల్చి చెప్పింది. కిటికీ ఉన్న చోట తెల్లగా, మనిషి ఎదురొస్తే నల్లగా తెలుస్తుంది. ఇక అంతే. తప్పు నాదే. జాలిపడి కాకుండా, పిలిచినందుకు నువ్వు రావాలని ఆ సంగతి రాయలేదు. కూడిక అనగానే నువ్వు ఇలా అనుకుంటావని నాకు తట్టలేదు. మా ఆనవాయితీ బయటివాళ్లకు ఎలా కనిపిస్తుందో మరిచిపోయాను.

మరి ఏ మేలుకు పెట్టావని అడుగుతావు. మా పాస్టరయ్య కూడా అదే అడిగాడు. కూడికలో ఇంటివాళ్లు లేచి దేవుడు చేసింది సాక్ష్యం చెప్పాలి కదా. నేనేం చెప్తానని ఆయన భయం. "జర ఆగమ్మా, చూపు వచ్చినంక పెద్దగ పెడ్దం" అన్నాడు. మా స్త్రీల సంఘం పెద్ద రాధమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. చూపు వచ్చిందని విశ్వాసంతో ముందే సాక్ష్యం చెప్పేస్తే అదే వస్తుందట. కుట్టని జాకెట్‌ను కుట్టానని చెప్పి నేనెప్పుడైనా ఎవరికైనా ఇచ్చానా అని అడిగాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నీకు నిజం చెప్తాను. డాక్టరమ్మ మాట విన్నాక నాలుగు రోజులు నేను మంచం దిగలేదు. దేవుణ్ణి అడగాల్సినవన్నీ అడిగాను. తిట్టాను కూడా, అందులో కొన్ని తిట్లు నీ దగ్గర నేర్చుకున్నవే. ఐదో రోజు సింధు కాలేజీకి పోయాక టీ పెట్టుకోబోయి చెయ్యి కాల్చుకున్నాను. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎంత ఏడ్చినా, ఆ ఏడుపు అడుగున ఒకటి కదలకుండా ఉంది. సరిగా చెప్పడం రాదు నాకు. చలికాలం పొద్దున బావి నీళ్లు తోడితే గోరువెచ్చగా ఉంటాయి చూడు, అలా ఉంది. దాన్ని అక్కడ నేను పెట్టలేదు. కన్ను పోయినా అది పోలేదు. ఇవాళ కాకపోతే రేపు పోతుందేమోనని వారం చూశాను, పోలేదు. దానికే కూడిక పెట్టాను.

నలభై మంది వచ్చారు. కొందరు తిని, ఏమీ అర్థం కాక, చేతులు కడుక్కుని పోయారు. వస్తువు చేతికి వచ్చాక దండం పెట్టడం అందరికీ వచ్చిన పనే. నేను పోగొట్టుకున్న ఏడాది కూడా పెడతాను, ఎవరేమనుకున్నా సరే.

నీ మేకపోతు విషయం నాకు చాలా బాధగా ఉంది. జాకెట్ గుడ్డలు అందాయి. నేనే కుడతాను. వద్దనకు.

నీ చెల్లె,
యమున

*

కామారెడ్డి,
8 సెప్టెంబర్ 2024.

శ్రీ.

యమునకు జైపాల్ రాసేది.

దీవెనలు ఈసారి రాయడం లేదు, కోపం తగ్గాక రాస్తాను.

గల్లీలో ఎదురైన ప్రతివాడూ నీ కళ్ల గురించే అడుగుతున్నాడు. వినపడనట్టు తల వంచుకుని పోతున్నాను. ఇన్నాళ్లకు నా చెవుడు ఒక పనికి వచ్చింది. రాని చూపుకు మొక్కు తీర్చిన మొగోణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. తల్లి దగ్గరికి పోయి ఏమని చెప్పాలో తెలియక నీ ఉత్తరం అందినప్పటి నుంచి గుడి దిక్కు పోలేదు.

కానీ నా కోపం అందుకు కాదు. జులై ఇరవైన తెలిస్తే ఆగస్టులో నవ్వుతూ కార్డు పంపావు. ఏడుస్తూ ఒక్క ముక్క రాసి ఉంటే మరునాడు మొదటి బస్సుకు వచ్చేవాణ్ణి. బాపు పోయాక నీకు పెద్దదిక్కు ఎవరు? నేనా, రాధమ్మనా? మీ మందిరం నీ చేత ఏడుపు మాన్పించి నా చెల్లెను నాకు కాకుండా చేసింది. లోపల వెచ్చగా ఉందంటున్నావు. జ్వరం వచ్చినప్పుడూ వెచ్చగానే ఉంటుంది. కళ్లు పోయిన మనిషికి ఆనందం అంటే అది పిచ్చి, లేకపోతే ఎవరో నేర్పిన పాఠం.

నిర్ణయం చెప్తున్నాను. ఇరవై రెండు, ఆదివారం మల్లేశ్ ట్రాలీ ఆటో తీసుకుని వస్తాడు. మిషన్, సామాను ఎక్కించి వాడితో వచ్చేయ్. సింధు హాస్టల్లో ఉంటుంది. షాపు బాపు నా పేరు మీద రాశాడు, షట్టర్ దించేస్తాను. ఇక్కడ మూల గది ఖాళీగా ఉంది. ఇన్నాళ్లు కష్టపడ్డది చాలు, కూర్చుని తిను.

జైపాల్

*

ఇబ్రహీంపట్నం,
15 సెప్టెంబర్ 2024.

ప్రభువుకు స్తోత్రం.

పెద్దదిక్కు జైపాలన్నకు యమున రాసేది.

నువ్వు తిట్టిన చోట సింధు గొంతు తగ్గించింది. గట్టిగా చదవమన్నాను. మా అన్న గొంతు అంత చిన్నగా ఉండదు.

ఏడుస్తూ రాయనిది నా తప్పు. ఒప్పుకుంటున్నాను. అదొక్కటే ఒప్పుకుంటున్నాను. మల్లేశ్‌ను పంపకు. పంపితే కడుపునిండా అన్నం పెట్టి పంపిస్తాను, మిషన్ మాత్రం గడప దాటదు.

మందిరం నా ఏడుపు మాన్పించిందన్నావు కదా. పోయిన ఆదివారం సంగతి విను. మందిరంలో చిన్నపిల్లలకు కొత్త బట్టలు పెట్టారు. పసుపు లంగాకు నెమలికంఠం అంచు ఎంత బాగుందో అని పక్కన ఇద్దరు చెప్పుకుంటున్నారు. నాకు దుఃఖం ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. రాధమ్మ వచ్చి చెవిలో, "విశ్వాసి ఏడ్వొద్దు యమునా, చూసినోళ్లు ఏమనుకుంటరు" అన్నది. ఆ రోజే పాస్టరయ్య ప్రసంగంలో లోకంలో దొరికే సంతోషం పొట్టు అనీ, ప్రభువులో ఆనందమే గింజ అనీ చెప్పాడు. అయిపోయాక ఆయనను గుమ్మం దగ్గర ఆపాను.

"అయ్యా, రంగులు గూడ దేవుడే చేసిండు గద. మీకు కనవడుతున్నయ్ గాబట్టి పొట్టు అంటున్నరు. నాకు గవి పొట్టు గావు."

పాపం, ఆయన ఆలోచించుకుంటానని చెప్పి పోయాడు.

నాకు సంతోషాలు ఉండేవి అన్నా. పెళ్లి జాకెట్ వేసుకుని పిల్ల అద్దంలో ఒకసారి ముందు, ఒకసారి వెనక చూసుకుంటుంటే నేను దారం కొరుకుతూ ఆమె ముఖం చూసేదాన్ని. వంద రీళ్లలో కావలసిన రంగు మీదికి చెయ్యి నేరుగా పోయేది. అవి పోయాయి. రోజూ గుర్తొస్తాయి, రోజూ నొస్తుంది. ఆనందం వచ్చి ఆ చోట కూర్చోలేదు, దాని చోటు వేరే. అది ఉన్నదని ఈ నొప్పి తగ్గదు, ఈ నొప్పి ఉన్నదని అది పోదు. ఈ ముక్క మా వాళ్లకూ చెప్పలేకపోతున్నాను, నీకూ చెప్పలేకపోతున్నాను.

రాధమ్మ నన్ను నవ్వమంటుంది. నువ్వు ఏడవమంటావు. నా ముఖం ఎప్పటి నుంచి మీ ఇద్దరి జాగీరు అయింది?

ఇక కూర్చుని తినడం. బతుకమ్మకు ముప్పై జాకెట్లు ఒప్పుకున్నాను. అంకిత కత్తిరిస్తుంది, మిషన్ తొక్కుతుంది. నేను కుట్టు మీద వేలు నడిపి ఎక్కడ వంకర పోయిందో చెప్తాను. హుక్కులు, కాజాలు నావే. మంచాల ఊరి నుంచి వచ్చే పాత గిరాకీల కొలతలు నోటికే ఉన్నాయి. కూర్చునే తీరిక నాకు లేదు.

వదిన జాకెట్లు పంపాను. అంకితను ముట్టనివ్వలేదు. ఎర్రదానికి ఎడమ చేతి గుడ్డ తిరగేసి కుట్టానని సింధు చెప్పింది. విప్పలేదు. నచ్చకపోతే వదినను ఇక్కడికి వచ్చి తిట్టమను.

అక్టోబర్ ఇరవైన మందిరంలో పెద్ద సభ ఉంది. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పనిస్తేనే లేస్తానన్నాను, పాస్టరయ్య సరేనన్నాడు. కోపం తగ్గకపోయినా రా.

ఏడుస్తూ, నవ్వుతూ ఉన్న నీ చెల్లె,
యమున

*

కామారెడ్డి,
5 అక్టోబర్ 2024.

శ్రీ.

చెల్లె యమునకు జైపాల్ రాసేది.

మల్లేశ్ ఖాళీ ఆటోతో తిరిగి వచ్చాడు. మిషన్ తెమ్మని పంపితే చొక్కా కొలతలు ఇచ్చి వచ్చాడు, ఎద్దు. నువ్వు వాడి భుజాలు తడిమి మా బాపు లెక్కనే వంగి నడుస్తున్నావని అన్నావట. ఇంటికి వచ్చి అది చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. వాడితో ఈ పని కాదు.

మీ వదిన ఆ ఎర్ర జాకెట్ వేసుకునే బతుకమ్మ ఆడుతున్నది. జాకెట్ చెయ్యి తిరగేసి ఉందేమని ఎవరో అడిగితే, మా ఆడబిడ్డ కుట్టింది, నీకేం తక్లీఫ్ అని కసిరిందట. ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

ఇరవైన నేనే వస్తున్నాను. సాక్ష్యం వినడానికి కాదు, ఎలాగూ వినపడదు. నీ ముఖం చూడటానికి వస్తున్నాను. నా చెవులు పోయాయి గానీ కళ్లు బాగానే ఉన్నాయి. నువ్వు ఎవరో నేర్పినట్టు నవ్వుతున్నావో, నీ అంతట నువ్వే ఉన్నావో చూసి తేల్చుకుంటాను. నేర్పిన నవ్వైతే మిషన్ నెత్తి మీద పెట్టుకునైనా తెస్తాను.

జైపాల్

*

ఇబ్రహీంపట్నం,
24 అక్టోబర్ 2024.

ప్రభువుకు స్తోత్రం.

అన్నకు చెల్లె యమున రాసేది.

ఆ సభలో నువ్వు అన్నది అందరూ విన్నారు. ఆ తరువాత జరిగింది నువ్వు వినలేదు. నువ్వున్న ఆ ఒక్క రాత్రి సైగలతో అంత కథ చెప్పడం మా వల్ల కాలేదు, అందుకే రాస్తున్నాను.

వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ సంగతి నాకు తెలియదు, నమ్ము. నా ఫొటో వేసి ‘చూపు పొందిన సోదరి సాక్ష్యం’ అని రాయించింది రాధమ్మ. పాస్టరయ్యకు చూపించకుండానే అచ్చుకు ఇచ్చిందట. సింధు చూసి కూడా, నేను లేచి వెళ్లిపోతానని భయపడి చెప్పలేదు. అంతమందిలో అది చదవలేనిది నేనొక్కదాన్నే. రాధమ్మ మైకులో నా పేరు పిలిచి, చూపు వచ్చిందని చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. లేచి కాదని చెప్దామని కుర్చీ పట్టుకునేలోపే వెనక వరసలో నుంచి నీ గొంతు వచ్చింది. క్రషర్ చప్పుడు మీద అరిచే ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

"ఆమెకు కండ్లు రాలే. నేను ఆమె అన్నను. పొద్దటి సంది ఆమె ముఖమే చూస్తున్న. కండ్లు రాలే, అయినా ఆ ముఖం మంచిగున్నది. గది ఎట్లనో నాకు సమజ్ కాలే. మీకు గూడ కాలే, గందుకే గీ అబద్ధం రాసిండ్రు. తీసెయ్యుండ్రి దాన్ని."

తరువాత ఎవరో నవ్వారు. అది నా నవ్వే అని కాసేపటికి తెలిసింది. ముందు వరసలో ఒక ముసలమ్మ ‘ఆమెన్’ అన్నది. పాస్టరయ్య మైకు తీసుకుని, తప్పు జరిగిందని అందరి ముందు ఒప్పుకున్నాడు, ఫ్లెక్సీ విప్పించాడు. పొట్టు, గింజ అని తాను చెప్పినదాన్ని కూడా మళ్లీ ఆలోచించుకుంటున్నానని అన్నాడు. అంత మాట అందరి ముందు అనడానికి ధైర్యం కావాలి. అప్పుడు నన్ను పిలిచాడు. నువ్వు నా పెదాల దిక్కే చూశావని సింధు చెప్పింది. నేను చెప్పింది ఇది.

"మా అన్న చెప్పింది నిజం. నాకు చూపు రాలే. రంగుల కోసం నేను దినాం ఏడుస్త, రేపు గూడ ఏడుస్త. ఏడ్వొద్దని నాకు ఎవ్వరు చెప్పొద్దు. నా లోపల దేవుడు పెట్టింది ఒకటున్నది. అది కన్నుతోని రాలే, కన్నుతోని పోలే. గా దానికే కూడిక పెట్టిన. కండ్లొస్తెనే స్తోత్రం అనేటోళ్లు నా ఇంటికి భోజనానికి రండ్రి, సాక్ష్యం మాత్రం నాకు నేర్పకుండ్రి."

చప్పట్లు కొట్టలేదు ఎవరూ. అదే నాకు నచ్చింది. రాధమ్మ ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడుతుంది, ఆమె మనవరాలి పెళ్లి జాకెట్లు నా దగ్గరే ఉన్నాయి.

మరునాడు పొద్దున నువ్వే షట్టర్ ఎత్తావు. మిషన్‌కు నూనె పోశావు. షాపు ఎవరు మూయమన్నా నీ పేరు చెప్పమని అంకితతో అన్నావట, మూయమన్నది నువ్వే కదా అని ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. నాది నేర్పిన నవ్వు కాదని నాతో ఒక్క మాటా అనలేదు. అనకపోయినా నాకు తెలిసింది.

బస్టాండులో బస్సు మెట్టు ఎక్కుతూ నువ్వొకటి అడిగావు. "గా లోపలిది, మీ మందిరానికి రానోళ్లకు గూడ ఉంటదా?" అని. చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నారు. నేను నీ చెయ్యి పట్టుకుని జవాబు చెప్పాను. నువ్వు వెంటనే తల ఊపి ఎక్కేశావని సింధు చెప్పింది. వినపడనప్పుడే నువ్వు అంత తొందరగా తల ఊపుతావు. అందుకని మళ్లీ రాస్తున్నాను.

ఎవరికి ఇస్తాడో చెప్పడానికి నేనెవరిని? నాకు మాత్రం అడగకుండానే ఇచ్చాడు. నువ్వు ఒక పొద్దున, బర్రెకు గడ్డి వేశాక, ఊరికే కూర్చో. ఏదీ అడగకు, ఏదీ ఇస్తానని మొక్కకు. వస్తే నాకు రాయి. రాకపోతే రాలేదని రాయి. నన్ను సంతోషపెట్టడానికి వచ్చిందని మాత్రం రాయకు.

నీ చెల్లె,
యమున